మర ఎడమ గోడ చిరుగుతాంది, కాస్త చెప్పండన్నా

అన్నలకు నమస్తే. మాది తాడిపత్రి, బండలకు పాలిష్ పట్టే మిషన్ షాఫ్ట్ ఒకటి వచ్చింది, చివర ఎం24 (24 ఎంఎం వ్యాసం) మర కోయాల, పిచ్ (మరకు మరకు మధ్య దూరం) 3 ఎంఎం. మా లేత్ లీడ్ స్క్రూ (టూల్ని నడిపే పొడుగు స్క్రూ) ఇంచికి 4 మరలది, అందుకే ఎంఎం మర రావడానికి 127 పళ్ళ గేర్ వేసినా, హాఫ్ నట్ (ఆ స్క్రూని పట్టుకునే నట్టు) అస్సలు వదలకుండా టూల్ బయటికి లాగి మోటార్ రివర్స్ తిప్పి వెనక్కి తెస్తాండా, పిచ్ గేజ్ బాగానే కూర్చుంటాంది. షాఫ్ట్ ఇంకా ముట్టలేదు, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) తుక్కు ముక్క మీద చూస్తాండా.

మొదటి కోతలు నున్నగానే వస్తాయి, లోతు 1 ఎంఎం దాటినాక టూల్ కిర్రుమంటాది, మర గాడికి ఎడమ గోడ చిరిగిపోయి గోరు పెడితే రంపం పళ్ళు తగిలినట్టుంటాది, కుడి గోడ మాత్రం అద్దం మాదిరి ఉంది. 1.84 లోతు ఇచ్చినా నట్టు నాలుగు చుట్లు పోయి బిగుసుకుంటాది.

టూల్ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్), 60 డిగ్రీలు సెంటర్ గేజ్‌తో చూసే పట్టినా, ఎత్తు సెంటర్‌కే ఉంది. క్రాస్ స్లైడ్‌తో నేరుగా లోతు ఇస్తాండా. ఈ మర వాలు దాదాపు రెండున్నర డిగ్రీలు కదా, ఎడమ పక్క క్లియరెన్స్ చాలక రుద్దుకుంటాందా? లేకపోతే టూల్ కింద తిరిగే చిన్న స్లైడ్, అదే కాంపౌండ్‌ని 29.5 డిగ్రీలకు తిప్పి దాంతో లోతు ఇస్తే పోతాదా? షాఫ్ట్ తెచ్చినోళ్ళ దగ్గర మాట పోకూడదని నాకు ఆరాటంగా ఉంది, ఎం24 కోసినోళ్ళు మీరు ఏ స్పీడ్‌లో కోస్తారో, ఏ ఆయిల్ పోస్తారో కూడా చెప్పండన్నా.