అప్‌డేట్: టూ-ఫోటాన్ సిగ్నల్ ఎందుకు పడిపోయిందో తేలింది

మా టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌లో (లేజర్ పల్స్‌లతో శాంపిల్‌ను వెలిగించి ఇమేజ్ తీసేది) కొత్త మాడ్యులేటర్ (లేజర్ పవర్‌ను పెంచి తగ్గించే పరికరం) పెట్టాక, శాంపిల్ దగ్గర పవర్ అంతే ఉన్నా సిగ్నల్ మూడో వంతుకు పడిపోయిందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. "పల్స్ సాగిపోతోందేమో, డిస్పర్షన్ చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది. డిస్పర్షన్ అంటే గాజు, క్రిస్టల్ లాంటివాటిలో పల్స్‌లోని వేర్వేరు రంగులు వేర్వేరు వేగంతో వెళ్లడం, దాంతో పల్స్ సాగిపోతుంది.

సర్వీస్ ఇంజనీర్ ఆటోకోరిలేటర్ (పల్స్ పొడవు కొలిచే పరికరం) పెట్టి చూశారు. లేజర్ నుంచి 100 ఫెమ్టోసెకన్లతో బయల్దేరిన పల్స్, మాడ్యులేటర్ దాటేసరికి దాదాపు 300 అవుతోంది. అందులో ఉన్నది టెల్లూరియం డయాక్సైడ్ క్రిస్టల్, మామూలు గాజు కంటే డిస్పర్షన్ బాగా ఎక్కువ. పవర్ మీటర్ చూపించేది సగటే, పల్స్ పొడవు దానికి తెలియదు. ఈ సిగ్నల్ రావాలంటే రెండు ఫోటాన్లు ఒకేసారి తగలాలి కాబట్టి, సగటు పవర్ మారకుండా పల్స్ మూడింతలు సాగితే సిగ్నల్ మూడో వంతే వస్తుంది.

రోడమిన్ (లేజర్ తగిలితే వెలిగే డై) ద్రావణం పెట్టి, స్క్రీన్ చూస్తూ లేజర్‌లోని ప్రీ-కాంపెన్సేషన్‌ను (డిస్పర్షన్‌ను ముందే సరిదిద్దే సెట్టింగ్) కొద్దికొద్దిగా నెగటివ్ వైపు జరిపాం. ఒకచోట ఇమేజ్ భగ్గుమని వెలిగింది! ఈ పనికి ఆటోకోరిలేటర్ కూడా అక్కర్లేదు. కాకపోతే 800 నానోమీటర్ల లేజర్ తరంగదైర్ఘ్యానికి కుదిరిన సెట్టింగ్ 920కి పనికిరాదు, మళ్లీ చూసుకోవాలి.

పీఎంటీ (సిగ్నల్‌ను పట్టే డిటెక్టర్), అద్దాల అలైన్‌మెంట్, ఆబ్జెక్టివ్ (శాంపిల్ వైపు ఉండే లెన్స్) మీద మరకలు, వీటికి సంబంధమే లేదు. డై పాడైందన్న అనుమానమూ నిలవలేదు, డై లేకుండానే కొలాజెన్ (కణజాలంలోని ప్రోటీన్) నుంచి వచ్చే ఎస్‌హెచ్‌జీ సిగ్నల్ (లేజర్ తరంగదైర్ఘ్యంలో సగంతో వచ్చే కాంతి) కూడా అంతే తగ్గింది మరి. కొత్త పీఎంటీ ఆర్డర్ పెట్టకముందే తేలింది, నయం.