ఉమ్మడి బోరు మీద అన్నతో మాటలు తెగినయ్, మళ్లీ ఎట్ల కూర్చోవాలె?

చెల్కరైతు (నల్లగొండ జిల్లా):
మా నాయిన వేయించిన బోరు ఒక్కటే. 5 హెచ్‌పీ మోటారు, రెండించుల నీళ్లు పోస్తది. పంపకాల్లో చెరి రెండెకరాలు వచ్చింది, బోరు ఉమ్మడిగనే ఉంచినం. అన్నది వరి, నాది బత్తాయి తోట. రోజు విడిచి రోజు వంతు. మొన్న నా వంతునాడు తెల్లారి పోయి చూస్తే వాల్వు అన్న మడి దిక్కు తిప్పి ఉంది. కోపంల స్టార్టర్ డబ్బాకు తాళమేసిన. రాత్రి వదిన ఫోన్ చేసి ఏడ్చింది. పెద్దమనుషులేమో బోరుకు ధర కట్టి ఒక్కరే ఉంచుకోండి, రెండో ఆయన కొత్తది వేసుకోవాలె అంటున్నరు. నాకు నీళ్లూ కావాలె, అన్నా కావాలె. ఏం చెయ్యాలె?

తోటమాలి:
తమ్ముడూ, ముందు ఆ తాళం తీసి చెవి మీ వదిన చేతికియ్యి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

మా ఇంట్ల గూడ ఇదే గొడవ, మా బాబాయితోని. పెద్దమనుషులు రోజులు పంచిండ్రు, తర్వాత గంటలు పంచిండ్రు. నెల తిరగకముందే మళ్లీ కొట్లాట. చివరికి మా చిన్నమ్మ గోడ మీది క్యాలెండర్ తీసి చాప మీద పరిచింది. "ఎవరికెన్ని నీళ్లు అని అడుగుత లేను. ఏ నెలల నీళ్లు లేకుంటే ఎవరి పంట పోతదో గీతలు పెట్టున్రి" అన్నది. నేను ఎర్ర పెన్ను, బాబాయి నీలం పెన్ను.

డిసెంబరు కాడికొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. సీజన్ కాపు కోసం బత్తాయిని అప్పుడు బెట్టకు, అంటే నీళ్లు ఆపి ఎండకు, వదులుతం కదా, నీళ్లు పెడితేనే నష్టం. చెల్క నేలల ఎక్కువ రోజులు వదలొద్దు, ఆకు వాడుమొకం పట్టంగనే మళ్లీ నీళ్లు పెట్టాలె. యాసంగి నారుమడికి, కరిగెటకు (నాటు కోసం తడిపి దున్నే మడికి) నీళ్లు కావాల్సింది గూడ సరిగ్గా ఆ రోజులే. అక్కర లేని వంతు కోసం అన్నేండ్లు ఎందుకు కొట్లాడినట్టు? ఒక్కసారి విడిస్తే మళ్లీ ఇయ్యడేమోనని భయం. ఆ మాట బాబాయి ముందల నోరు తెరిచి చెప్పిన. ఆయన గూడ అదే భయం చెప్పిండు.

పూత, పిందె టైముకు మాత్రం ఇద్దరికీ నీళ్లు కావాలె. అక్కడ రెండు సాయంత్రాలు పట్టింది. ఆయనకు మోకాళ్ల నొప్పి, రాత్రి పొలానికి పోలేడు. నాకు డ్రిప్పు ఉంది, 2018 నుంచి 24 గంటల కరెంటాయె. పగలు ఆయనకు, రాత్రి నాకు. ఆయన అరెకరం వరి తగ్గించి నువ్వులు వేసిండు, మోటారు కాలితే వైండింగు ఖర్చు నేను పెట్టుకుంట అన్న.

వకీలు:
ఒప్పందం కుదిరితే కాగితం మీద పెట్టుకోండి. కోర్టులో కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు, ఫీజు ఉండదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అక్కడి అవార్డుకు (రాజీ తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దాని మీద అప్పీలు లేదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి వచ్చినా, పక్కపక్కనే రెండు బోర్లు ఒకదాని నీళ్లు ఒకటి గుంజుకుంటే ఇద్దరూ నష్టపోతారు.

పెద్దకోడలు:
తమ్మీ, మాట్లాడేటప్పుడు మీ వదినను గూడ కూర్చోబెట్టు. నాటుకు కూలోళ్లను పిలిచేది, పైసలు సర్దేది ఆమెనే. ఇంకోటి, వాల్వు తిప్పిన రోజు ఏమైందో అడిగినవా? దమ్ముకు ట్రాక్టర్ ఎప్పుడొస్తదో మన చేతుల ఉండదు.

చెల్కరైతు:
చెవి వదినకిచ్చిన. అక్కా, మీరన్నదే నిజం. ఆ రోజు ట్రాక్టరాయన చెప్పకుండ వచ్చిండట, కరిగెట ఎండి ఉందట. అన్న నాకు రెండుసార్లు ఫోన్ చేసిండు, నా ఫోన్ల చార్జింగ్ లేదు.

నిన్న ముగ్గురం అరుగు మీద కూర్చున్నం. నెలాఖరు దాక నీళ్లన్నీ నువ్వే పెట్టుకో అని అన్నకు చెప్పిన. అన్న కొద్దిసేపు ఏమనలే. తర్వాత "నీ చెట్లకు ఇప్పుడు నీళ్లొద్దా?" అన్నడు. ఏడేండ్ల తోట, ఆయన మడి గట్టు పక్కనే ఉంది. నేనెన్నడూ చెప్పలే, ఆయన అడగలే.

ఫిబ్రవరి, మార్చి ఇంకా తేలలేదు. రాత్రి వంతు నేను తీసుకుంట అని చెప్పిన గాని, నాకింకా డ్రిప్పు లేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నం. వదిన క్యాలెండర్ తీసి పెట్టింది.