అజ్టెక్ రైతు వేషానికి తలపై ఈకలు పెట్టాలా?

ప్రశ్న: నాటకంలో 1519 నాటి త్లతెలోల్కో (ఇప్పటి మెక్సికోలోని అజ్టెక్ పట్టణం) సంత దృశ్యం ఉంది. రైతు, అతని భార్య, ఒక యోధుడు కనిపిస్తారు. అద్దె వేషాలన్నిటికీ ఈకల కిరీటాలే ఉన్నాయి. అసలు ఏం కట్టుకునేవారు? కొలతలతో చెప్పండి.

జవాబు 1: రైతుకు ఈకలు వద్దండి. అవి పాలకులకు, పేరున్న యోధులకు, పూజలకు. మగవాళ్లకు ముఖ్యంగా రెండే బట్టలు. మొదటిది గోచి, వాళ్ల మాటలో మాష్త్లత్ల్. జానెడు వెడల్పు, మూడు మీటర్ల పొడవున్న గుడ్డ చాలు. నడుముకు చుట్టి, కాళ్ల మధ్య నుంచి తీసి, ముందు ముడేసి కొసలు వేలాడనివ్వాలి. రెండోది తిల్మాత్లి అనే పైబట్ట. ఒకటిన్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు తీసుకోండి. ఎడమ చంక కిందుగా తెచ్చి, రెండు మూలలూ కుడి భుజం మీద ముడేయాలి. గుండీలు, పిన్నీసులు వాళ్లకు లేవు. శాటిన్ అయితే ముడి జారిపోతుంది. కాస్త గరుకైన నారబట్ట నయం, రైతులు కట్టిందీ కిత్తనార బట్టే. కాళ్లకు చెప్పులు వద్దు.

జవాబు 2: భార్యకు నడుము చుట్టూ తిప్పి పట్టీతో బిగించే క్వెయిత్ల్, పిక్కల దాకా. పైన విపిల్లి అనే చేతుల్లేని వదులు చొక్కా. ఒంటికి సరిపడా కత్తిరించి కుడితే వేషం చెడుతుంది. నేతగత్తె మగ్గాన్ని నడుముకు కట్టుకుని నేసేది, అందుకే బట్ట వెడల్పు ఆమె చేతులు అందినంతే. అలాంటి రెండు పట్టాలను పక్కపక్కన కుట్టి, నడి కుట్టులో తల పట్టేంత వదిలేస్తే అదే మెడ. జుట్టును రెండు పాయలుగా తలచుట్టూ తిప్పి, కొసలు నుదుటి పైన చిన్న కొమ్ముల్లా నిలబెట్టండి. ఇది మాత్రం వదలొద్దు, చిత్రపటాల్లో పెళ్లైన స్త్రీకి అదే గుర్తు.

ప్రశ్నించినవారు: రైతుకు నూలుబట్ట కడితే తప్పా?

జవాబు 3: అజ్టెక్ రాజు మొదటి మోక్తెసూమా పేరున చెప్పే శాసనాల ప్రకారం తప్పే. సామాన్యులకు నూలు కూడదు, పైబట్ట మోకాలు దాటకూడదు. యుద్ధంలో కాలికి గాయమైనవాడికే మినహాయింపు. అయితే మెక్సికోలోని మొరెలోస్ ప్రాంతపు తవ్వకాల్లో సామాన్యుల ఇళ్లలోనే నూలు వడికే చిన్న కదురు బిళ్లలు దొరికాయి, కాబట్టి శాసనం అంతటా సాగిందని నమ్మను. అజ్టెక్ రాజధాని తెనోచ్‌తిత్లాన్ చుట్టుపక్కల మంచు వల్ల పత్తి పండదు, వేడి ప్రాంతాల నుంచి కప్పంగానూ సంతకూ వచ్చేది. నగర రైతుకు నారబట్టే ఉంచండి.

యోధుడు సంతకు కవచంతో రాడు. అజ్టెక్‌ల జీవితాన్ని బొమ్మల్లో చూపే మెందోసా చిత్రగ్రంథంలో, యుద్ధంలో ఒక బందీని పట్టినవాడికి పూల నమూనా పైబట్ట, ఇద్దరిని పట్టినవాడికి చారల అంచున్న నారింజ రంగుది. ఎంతమందిని పట్టాడో ముందు తేల్చుకుని రంగు కొనండి.