బ్లాకాడర్ "బ్యాక్ అండ్ ఫోర్త్": ఆ చివరి ఎపిసోడ్ తర్వాత చూడొచ్చా?

అర్ధరాత్రి_రిమోట్
బ్లాకాడర్ అనే బీబీసీ కామెడీ (ఒక్కో సిరీస్‌లో ఒక్కో కాలం, ప్రతిసారీ ఒక కొత్త బ్లాకాడర్, పక్కన బాల్డ్రిక్ అనే మందబుద్ధి నౌకరు) నాలుగు సిరీస్‌లూ నెల రోజుల్లో లాగించేశానండి. నిన్న రాత్రి నాలుగోదాని, అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటిదాని, చివరి ఎపిసోడ్ అయింది. ఈల మోగడం, అందరూ కందకంలోంచి పైకెక్కి తుపాకీగుళ్ళకి ఎదురు పరిగెత్తడం, ఆ తర్వాత చప్పుడు లేకుండా ఎర్రటి గసగసాల పూల పొలం. రెండింటి దాకా నిద్ర పట్టలేదు. కామెడీ అనుకుని మొదలుపెట్టిన మనిషిని కదా.

ఇప్పుడేమో 1999లో అదే టీమ్ మళ్ళీ కలిసి టైమ్ ట్రావెల్ కథతో ఒక స్పెషల్ తీశారని తెలిసింది. అలాంటి ముగింపు తర్వాత మళ్ళీ జోకులా? చూడాలంటే కొంచెం భయంగా ఉంది. చూసినవాళ్ళు చెప్పండి. కథ చెప్పేసినా పర్లేదు, స్పాయిలర్లకి ఏడ్చే రకం కాదు నేను.

టర్నిప్_కూర
చూడండి, కానీ వెంటనే వద్దు. ఒక వారం ఆగండి. నేను ఆగకుండా చూసి తిట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే బాగానే ఉంది. పైగా అరగంట పైచిలుకే.

గ్రీన్విచ్_మామ
దీన్ని తీసిందే లండన్‌లోని మిలీనియం డోమ్ (2000 సంవత్సరం వేడుకకి కట్టిన పెద్ద ప్రదర్శనశాల) కోసం. నేను అక్కడే, 2000లో చూశాను. కాబట్టి కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది వై2కే బ్యాచ్, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయంతో పిలిపించిన వాళ్ళం. హైదరాబాద్‌లో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చేసుకుని విమానం ఎక్కిన గుంపు. పనల్లా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి నాలుగంకెలు చేయడం. 1999 డిసెంబర్ 31 రాత్రి ఆఫీసులోనే ఉన్నాం. బయట థేమ్స్ మీద బాణసంచా, లోపల చల్లారిపోయిన పిజ్జా, అందరి కళ్ళూ స్క్రీన్ మీదే. పన్నెండు దాటింది. ఏమీ కాలేదు. "మరి ఇన్నాళ్ళూ మీరు చేసిందేమిటి?" అన్నట్టు చూశాడు మేనేజరు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

కొన్ని నెలలకి మా రూమ్ వాళ్ళం ఐదుగురం డోమ్‌కి వెళ్ళాం. టికెట్ 20 పౌండ్లు. రూపాయల్లోకి లెక్కేస్తుంటే మావాడు నోరు మూయించాడు. ఏడాదిలో 1.2 కోట్ల మంది వస్తారని అంచనా వేస్తే వచ్చింది సుమారు 65 లక్షలు. అందుకే అప్పట్లో పేపర్లన్నీ డోమ్‌ని ఏకిపారేసేవి. లోపల మనిషి శరీరం ఆకారంలో కట్టిన పెద్ద బొమ్మలోంచి నడిచి వెళ్ళడం, గాల్లో విన్యాసాలు, అవన్నీ చూసి కాళ్ళు లాగుతుంటే పక్కనే ఉన్న స్కైస్కేప్ అనే సినిమా హాల్లో కూలబడ్డాం. అక్కడ వేసింది ఇదే.

కథ మొదలయ్యేది కూడా సరిగ్గా 1999 డిసెంబర్ 31 రాత్రే! ఆ కాలపు లార్డ్ బ్లాకాడర్ స్నేహితుల్ని భోజనానికి పిలిచి, నా దగ్గర టైమ్ మెషీన్ ఉంది, చరిత్రలోంచి ఏం కావాలంటే అది తెస్తానని పందెం కాస్తాడు. రోమన్ సైనికాధికారి శిరస్త్రాణం, వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తొడుక్కున్న బూట్లు, ఇలా అడుగుతారు వాళ్ళు. అతని ప్లాన్ అంతా మోసమే. బాల్డ్రిక్ చేత లియొనార్డో డావిన్చీ బొమ్మ చూసి ఒక చెక్క డబ్బా చేయించాడు, అంతే. తీరా అది నిజంగానే పనిచేస్తుంది. తిరిగి రావాలంటే మాత్రం దారి లేదు. డయల్స్ మీద బాల్డ్రిక్ తేదీలే వేయలేదు.

హాల్లో మా ఐదుగురం ఒక్కసారిగా ఘొల్లున నవ్వాం. ముందు వరసలో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. పాపం, జోక్ అంత పెద్దదేం కాదు. కానీ తేదీల కోసం ఏడాదిన్నర నిద్ర మానేసినవాళ్ళకి తెలుస్తుంది దాని బాధ.

సబ్‌టైటిల్_పిచ్చి
మామా, సూపర్ పోస్ట్.

మా ఇంట్లో అనుభవం వేరు. బ్లాకాడర్‌గా వేసేది రోవన్ అట్కిన్సన్ అనగానే మిస్టర్ బీన్ అనుకుని మా అబ్బాయి పక్కన చేరాడు. ఐదు నిమిషాలకి "బీన్ ఏంటమ్మా ఇంత మాట్లాడుతున్నాడు?" అని లేచి వెళ్ళిపోయాడు. ఇందులో మాటే ప్రాణం కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, సిగ్గుపడక్కర్లేదు. నేను ఇప్పటికీ పెట్టుకునే చూస్తాను. హ్యూ లారీ మనలో చాలామందికి 'హౌస్' సీరియల్లో కుంటి డాక్టర్‌గానే తెలుసు. ఇక్కడ మాత్రం తింగరి జార్జ్.

విజయనగరం_లెక్చరర్
డిగ్రీ పిల్లలకి ఇరవై ఏళ్ళు మాక్బెత్ చెప్పిన మనిషిని. అందుకని షేక్‌స్పియర్ సీను గురించి నేనే చెప్పాలి.

ఎలిజబెత్ రాణి కోటలో బ్లాకాడర్ ఒకాయన్ని గుద్దుకుంటాడు. చేతిలోని కాగితాలు కింద పడతాయి. చూస్తే షేక్‌స్పియర్ (వేసింది కాలిన్ ఫర్త్). ముందు బాల్ పెన్ను ఇచ్చి ఆటోగ్రాఫ్ తీసుకుంటాడు. తర్వాత మొహం మీద ఒక్క గుద్దు గుద్ది, ఇది రాబోయే నాలుగు వందల ఏళ్ళ బడి పిల్లలందరి తరఫున అంటాడు. మళ్ళీ ఒక తన్ను, అది నటుడు, దర్శకుడు కెన్నెత్ బ్రానా తీసిన నాలుగు గంటల హామ్లెట్‌ సినిమాకి. కింద పడ్డ కవిగారు ఆ బ్రానా ఎవరని అడిగితే, నువ్వలా అన్నావని ఆయనకి చెబుతాను, పాపం చాలా నొచ్చుకుంటాడు అంటాడు బ్లాకాడర్. ఇది నేను క్లాసులో వేసి చూపించాను. వెనక బెంచీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. నన్ను చూసే కొట్టారని నా అనుమానం.

అసలు దెబ్బ తర్వాత పడుతుంది. వీళ్ళు 1999కి తిరిగొస్తే షేక్‌స్పియర్ అంటే బాల్ పెన్ను కనిపెట్టిన ఆయన మాత్రమే! నాటకాలు లేవు. వాటర్లూలో వీళ్ళ మెషీన్ వెల్లింగ్టన్ మీదే దిగింది కాబట్టి బ్రిటన్ ఫ్రెంచివాళ్ళది అయిపోయింది.

మనకి 1991లోనే ఆదిత్య 369 ఉందిగా, దాంతో పోల్చి చూడండి. మన హీరో శ్రీకృష్ణదేవరాయల సభకి వెళ్తే మర్యాదగా ఉంటాడు. ఈయన వెళ్ళిన ప్రతి చోటా చేతికందింది ఎత్తుకొస్తాడు.

పాత_క్యాసెట్
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను తిడతాను.

బ్లాకాడర్ అంటే ఒక గది, నలుగురు మనుషులు, పదునైన మాటలు. నాలుగో సిరీస్ ఎక్కువ భాగం ఆ కందకం గదిలోనే కదా. ఎటూ పోలేకపోవడంలోంచి పుట్టిన నవ్వు అది. ఇక్కడ తీసేవాళ్ళ చేతిలో డబ్బుంది, గుర్రాలున్నాయి, డైనోసార్ కూడా ఉంది (బాల్డ్రిక్ లోదుస్తుల వాసనకి చస్తుంది, సరే, అక్కడ నవ్వాను). ఒక చోట స్థిరపడేలోపే ఇంకో కాలానికి ఎగిరిపోతారు. రాబిన్ హుడ్‌గా, పాత సిరీస్‌లలో కూడా కనిపించిన రిక్ మేయల్ వచ్చాడని సంతోషించేలోపు వెళ్ళిపోతాడు. డోమ్ చూడ్డానికొచ్చిన స్కూల్ పిల్లల దగ్గర్నించి తాతల దాకా అందరికీ తెలియాలి కాబట్టి బడి పుస్తకంలో ఉన్న పేర్లే ఏరుకున్నారు.

ఇంకోటి. మొదటి సిరీస్‌లో రాకుమారుడు, రెండులో రాణి కొలువులో ప్రభువు, మూడులో ప్రిన్స్ రీజెంట్ (రాజు బదులు పాలించే యువరాజు) దగ్గర బట్లర్, నాలుగులో మామూలు కెప్టెన్. తరం మారినకొద్దీ హోదా తగ్గుతుంది, బుర్ర పెరుగుతుంది. ఎంత తెలివున్నా బతికి బట్టకట్టడం కష్టమే. ఇందులో చరిత్రని తనకి కావలసినట్టు దిద్దుకుని చివరికి రాజైపోతాడు, బాల్డ్రిక్‌ని ప్రధానమంత్రిని చేస్తాడు. అంత తేలిగ్గా గెలిస్తే ఇక బ్లాకాడర్ ఎందుకు?

సబ్‌టైటిల్_పిచ్చి
@పాత_క్యాసెట్ మూడులో కూడా గెలిచాడుగా. వెల్లింగ్టన్ కాల్పుల్లో ప్రిన్స్ చచ్చిపోతే ఈయనే ప్రిన్స్‌గా చలామణి అయిపోయాడు. ఆ వెల్లింగ్టన్‌గా వేసింది నటుడు స్టీఫెన్ ఫ్రై. ఇందులో మళ్ళీ ఆయనే. తెలిసినవాళ్ళకి అలాంటి చిన్న చిన్న తాయిలాలు చాలా ఉన్నాయి.

పాత_క్యాసెట్
ఒప్పుకున్నాను. అయినా నా మాట నాదే.

టర్నిప్_కూర
నా ఓటు పోలో బిళ్ళకి. మిరాండా రిచర్డ్‌సన్ రాణి వేషంలో మళ్ళీ "తల తీసేయండి" మూడ్‌లో ఉంటుంది. బ్లాకాడర్ జేబులోంచి పోలో తీసి ఇస్తాడు. అది నోట్లో వేసుకున్నాక ఆవిడ మొహం చూడాలి. పదమూడేళ్ళు గడిచాయని అనిపించదు, 1986లో ఎలా ఉందో అలాగే.

గ్రీన్విచ్_మామ
డీవీడీలో చూసేవాళ్ళకి ఒక మాట. మేం చూసినప్పుడు హాల్లో జనం నవ్వే నవ్వు. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే కొన్ని జోకులు చప్పగా అనిపిస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి చూడండి.

అర్ధరాత్రి_రిమోట్
చూసేశాను. వారం ఆగలేకపోయాను, రెండు రోజులే ఆగాను. ఒక్కణ్ణే చూశాను, సారీ మామా.

పోలో దగ్గర గట్టిగా నవ్వాను, పక్క ఫ్లాట్ వాళ్ళు గోడ మీద కొట్టారు. షేక్‌స్పియర్ సీను రెండుసార్లు వేసుకున్నాను. క్యాసెట్ గారు చెప్పిన హడావిడి నిజమే.

ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. ఇంటికి తిరిగిరావడానికి మెషీన్ లివర్లు మొదట్లో ఎలా ఉండేవో బాల్డ్రిక్‌కి గుర్తురావాలి కదా. చావబోయేవాడికి బతుకంతా కళ్ళ ముందు తిరుగుతుందని, బాల్డ్రిక్ తల టాయిలెట్‌లో ముంచుతాడు బ్లాకాడర్. పక్కా జోకే. కానీ నాకు ఆ కందకంలో వరసగా నిలబడ్డ నలుగురి మొహాలు కనబడ్డాయి. ఆపేసి, లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ పెట్టాను.

టర్నిప్_కూర
చెప్పానా, వారం ఆగమని.