‘తమ తప్పులెరుగరు’ – ‘లె’నా, ‘నె’నా?

గౌతమి: నిన్న రాత్రి ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’ మళ్ళీ చూశాను. 1956 నాటి చిన్న ఖర్చు సినిమా, 78 నిమిషాలే. అందులో నటుడు రాండోల్ఫ్ స్కాట్ మాజీ షెరీఫు. దోపిడీలో తన భార్యను చంపిన ఏడుగురిని వెతుకుతూ పోతుంటాడు. లోపల తొలిచేది మాత్రం వేరు. ఎన్నికలో ఓడాక కింది ఉద్యోగం ఇస్తామంటే అహం అడ్డొచ్చి వద్దన్నాడు. ఇల్లు గడవడానికి ఆమె వెల్స్ ఫార్గో కార్యాలయంలో పనికి చేరింది, అక్కడే పోయింది. సినిమా అయ్యేదాకా వేమన పద్యం (‘తప్పులెన్నువారు తండోపతండంబు / లుర్వి జనులకెల్ల నుండు దప్పు / తప్పులెన్నువారు...’) మూడో పాదం నోట్లో ఆడుతూనే ఉంది. మా తాతయ్య ‘తమ తప్పు నెరుగరు’ అనేవారు. పుస్తకంలో ‘తప్పు లెరుగరు’. ఏది సరి?

ఆటవెలది: గణాల లెక్కలో ‘తమతప్పు’ సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), తరువాతిది నలం (నాలుగూ లఘువులే). లె అయినా నె అయినా గణం చెడదు, ఛందస్సు తేల్చదు. నేను మాత్రం లె వైపే. ‘తప్పులెన్ను’లో విన్న లె ‘తప్పులెరుగరు’లో మళ్ళీ పలకాలి.

తుంగభద్ర: రెండో పాదం చివర ఏకవచనమే కదా, ‘నుండు దప్పు’. దాని వెంట నె సహజంగా వస్తుంది. షెరీఫుకూ తనదైన తప్పు ఒక్కటే. ఎదుటివాళ్ళే ఏడుగురు.

ఆటవెలది: అది జాత్యేకవచనమండీ, అంటే ఒకటని చెప్పి అన్నింటినీ చెప్పడం; దాన్ని బట్టి మూడో పాదం నిర్ణయించలేం. ‘నుండుఁ దప్పు’ అని అరసున్న పెడితే మేలు. లేకపోతే ‘దప్పు’ అనే మాట ఒకటుందని పిల్లలు అనుకుంటారు. ‘ఎఱుగరు’లో ఉన్నదీ శకటరేఫమే, అంటే బండి ర.

పాతనిఘంటువు: అందరూ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయారు. అసలు బిగువు ‘ఎన్ను’లో ఉంది. ఎన్నడమంటే లెక్కపెట్టడం, ఆపైన ఎంచడం. తమిళంలో ‘ఎణ్ణు’కు నేటికీ లెక్కించడం, తలచడం రెండూ అర్థాలే. మన ‘ఎన్నిక’ ఈ ధాతువు బిడ్డే. ఆ షెరీఫు ఓడింది ఎన్నికలో, ఆ తరువాత చేసేదంతా ఎన్నడమే. మొదటి సన్నివేశం గుర్తుందా? వాన, గుహలో మంట, కాఫీ, ఇద్దరు అపరిచితులు. దోపిడీ జరిగిన సిల్వర్ స్ప్రింగ్స్ ఊళ్ళో ఆ పని చేసినవాళ్ళు దొరికారా అని ఒకడు అడిగితే ‘ఇద్దరు’ అంటాడు. ఆ ఇద్దరూ అప్పటికి ఎదురుగానే ఉన్నారు. తుపాకీ మోత ఆ తరువాత వినిపిస్తుంది.

గౌతమి: ఆ ‘ఇద్దరు’ నాకు తట్టనే లేదు! ‘ఎన్ని’ కూడా ఈ కుటుంబమేనా?

పాతనిఘంటువు: కాదు. అన్ని, ఇన్ని, ఎన్ని ఒక వరుస. ‘ఎన్ని’ ఎవరు, ఎక్కడలకు తోబుట్టువు.

తుంగభద్ర: ఇక్కడ లెక్క అర్థాన్ని నేను ఒప్పుకోను. తప్పెన్నడమంటే తప్పుపట్టడం, అంతే. లెక్కే అయితే మూడో పాదంలోనూ బహువచనం కావాలి, అప్పుడు ఆటవెలది గారి లె నిలుస్తుంది.

ఆటవెలది: నిలవనివ్వండి!

వానకోయిల: నాకు వేమనలో ప్రాణమంతా ఆ పునరుక్తిలోనే కనిపిస్తుంది. మొదటి పాదంలో ‘తప్పులెన్నువారు’ ఒక గుంపు, తండోపతండం. మూడో పాదంలో అదే మాట, అవే అక్షరాలు, వేలు మాత్రం వాళ్ళవైపు తిరిగింది. కొత్త మాట ఒక్కటీ వాడకుండా అర్థాన్ని తిప్పేశాడు! ఇంట్లో కయ్యం వచ్చినప్పుడు మా అమ్మ ఆ ఒక్క పాదమే అని ఊరుకునేది. బ్రౌన్ ఆంగ్లానువాదంతో 1829లో అచ్చువేయించేనాటికి ఈ పద్యాలు ఎన్ని నోళ్ళు దాటి వచ్చాయో!

తుంగభద్ర: అయినా షెరీఫుకు ఈ పద్యం తగలదు. అతడు తన తప్పు ఎరిగినవాడు.

గౌతమి: ఎరిగే ఏడుగురి వెంట పడ్డాడు. నన్ను పట్టుకున్నది అదే.

ఆటవెలది: అది సరే గౌతమి గారూ, మీ తాతగారు చదివిన ప్రతి ఏ ముద్రణో చూసి చెప్పగలరా? అందులో ‘నె’ ఉంటే నేను ఆలోచిస్తాను.

గౌతమి: ప్రతి ఏదీ లేదండీ. తాతయ్యకు చదవడం రాదు. పొలంలో విని నేర్చుకున్నారు.