వాడిన ఎయిర్ రైఫిల్: సిలిండర్ మార్చి అమ్మాలా, అలాగే అమ్మేయాలా?

10 మీటర్ల టార్గెట్ షూటింగ్‌కి వాడిన నా .177 క్యాలిబర్ పీసీపీ (సిలిండర్‌లో ముందే ఒత్తిడితో నింపిన గాలితో పేల్చే) ఎయిర్ రైఫిల్ అమ్ముడుపోవట్లేదు. కొని 8 ఏళ్లయింది, బ్యారెల్, ట్రిగ్గర్ బాగున్నాయి, సీల్స్ పోయినేడాదే మార్పించాను, కానీ గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు ఇంకా 2 ఏళ్లే ఉంది. మొదట కొన్న ధరలో 60 శాతానికి పెట్టాను, నెలన్నర చూసి 50కి దించాను, గ్రూపింగ్ (గుళ్లు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో) కనపడేలా టార్గెట్ కార్డుల ఫొటోలు కూడా జతచేశాను, అయినా 3 నెలల్లో ఒక్కరూ గట్టిగా అడగలేదు. డీలరేమో 30 శాతం అన్నాడు. ఇదే వయసున్న నా కెమెరా లెన్స్ 4 రోజుల్లో 65 శాతానికి పోయింది! తుపాకులే విలువ నిలుపుకుంటాయని విని, ఇంత జాగ్రత్తగా చూసుకున్నందుకు బాధగా ఉంది. ఇలాంటివి అమ్మినవాళ్లు చెప్పండి, కొత్త సిలిండర్ వేయించి అమ్మితే ఆ ఖర్చు ధరలో తిరిగొస్తుందా?