పాత గౌను ప్యాటర్న్ దొరికింది, గీతల్లేవు, అన్నీ చిల్లులే. ఎలా కుట్టాలి?

సీతాఫల్‌మండి పిల్ల:
పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మ్యాగజైన్ల కట్ట కొంటే మధ్యలో బటరిక్ అనే ప్యాటర్న్ కంపెనీ పేరు రాసున్న కవరు దొరికింది. లోపల గుడ్డ మీద పెట్టి గౌను కత్తిరించుకునే టిష్యూ కాగితాలు, అదే ప్యాటర్న్. బొమ్మలో నడుము తుంటి దాకా జారి ఉంది కాబట్టి 1920ల నాటిదనుకుంటున్నా. 36 అని ఉంది. కాగితాల మీద ఒక్క గీత కూడా లేదు, చిల్లులే. మా టైలర్‌కి చూపిస్తే "చెదలు తినేసిందమ్మా, పడెయ్యి" అన్నాడు. నెలాఖరుకి కాలేజీలో రెట్రో డే, బడ్జెట్ ఐదొందలు, నాకొచ్చింది దిండు గలీబులు కుట్టడమే. టెన్షన్‌గా ఉంది.

మిషనక్క:
అయ్యో, పడెయ్యకు తల్లీ! అప్పట్లో ప్యాటర్న్‌లకి గుర్తులు చిల్లులతోనే పెట్టేవాళ్లు. మెకాల్ కంపెనీ 1920ల మొదట్లోనే గీతలు అచ్చువేసి అమ్మినా మిగతావాళ్లు చాలా ఏళ్లు చిల్లులతోనే లాగించారు. మడత ఎక్కడ, నిలువు పోగు ఎటు, డార్ట్ (ఒంటికి సరిపడేలా లోపలికి మడిచి కుట్టేది) ఎక్కడ అన్నీ వాటిలోనే ఉంటాయి, ఏ చిల్లు దేనికో కవరు మీదో లోపలి సూచనల కాగితంలోనో చూడు, కుట్టుకి వదలాల్సిన మార్జిన్ కలిపారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. 36 అంటే ఛాతీ అంగుళాలు, ఇప్పటి రెడీమేడ్ సైజు అనుకోకు. అసలు కాగితానికి కత్తెర తగలనివ్వద్దు, న్యూస్‌పేపర్ మీద దించుకో.

కోఠి కట్‌పీస్:
రెట్రో డేకి 1930ల గౌను అయితే అదిరిపోద్ది కదా, ఒంటికి అతుక్కుని జారుతూ ఉండేది?

మిషనక్క:
గలీబులు కుట్టే పిల్లకి అది చెప్తావేంటి బాబూ. ఆ జారుడంతా క్రాస్ కటింగ్‌ది, అంటే గుడ్డని ఏటవాలుగా కత్తిరించడం, పారిస్‌లో మడలెన్ వియోనే అనే డిజైనర్ పేరు తెచ్చుకుందే దానితో. గుడ్డ ఎక్కువ పడుతుంది, అంచు సాగుతుంది, కొత్తవాళ్లకి ఏడుపే.

ఈ ప్యాటర్న్ కష్టమనిపిస్తే ఇంకో దారుంది. అమెరికాలో స్క్రాంటన్ అనే ఊళ్లో మేరీ బ్రూక్స్ పికెన్ పోస్టు ద్వారా కుట్టు నేర్పే సంస్థ నడిపింది, గంటలో కుట్టే గౌను అని వాళ్లదొకటి 1920లలో బాగా పాకింది. గుడ్డని భుజం దగ్గర అడ్డంగా మడిచి మెడ కత్తిరించడమే, చేతులు విడిగా అతకక్కర్లేదు, పక్క కుట్లు వేసి, తుంటి దగ్గర మిగిలిన వెడల్పుని రెండు పక్కలా కుచ్చులు పెట్టేస్తే అయిపోయింది. నీ భుజం నుంచి మోకాలి కిందికి 40 అంగుళాలనుకుంటే, 44 అంగుళాల పన్నా గుడ్డ రెండుంబావు మీటర్లు చాలు. గంటలో అవుతుందన్నది మాత్రం నమ్మకు, నాకు ఒక పూట పట్టింది, అందులో సగం మెడకి క్రాస్ పీస్ వేయడానికే.

కోఠి కట్‌పీస్:
సరే ఒప్పుకున్నా. గుడ్డకి సుల్తాన్ బజార్‌లో కట్‌పీసులు చూడు, రేయాన్ తీసుకో. అప్పట్లో పట్టు కొనలేనివాళ్లకి అదే పట్టు, ఆర్టిఫిషియల్ సిల్క్ అనేవాళ్లు, రేయాన్ అన్న పేరు 1924లో వచ్చింది.

సీతాఫల్‌మండి పిల్ల:
సూచనల కాగితం దొరికిందక్కా, కవరు అడుగున మడతపడి ఉంది! అయినా ముందు మీరు చెప్పిన గంట గౌనే పాత దుప్పటి మీద కత్తిరించి చూస్తా. జిప్ వేయాలా?

మిషనక్క:
వద్దు, తల మీంచి వేసుకునేదే. తల పట్టకపోతే మెడ ముందు చిన్న చీలిక ఇచ్చి ఒక టిచ్ బటన్ పెట్టు.